పక్షుల లెక్క సరే, చేపల లెక్కో?

కొల్లేరు మీద వచ్చే కవితలూ రీళ్ళూ చూడండి. చూపు ఎప్పుడూ పైకే. ఆటపాక పెలికాన్లు, ఎర్రటి పొద్దు, వలస పక్షి మీద ఒక మెటఫర్. జనవరి వస్తే బైనాక్యులర్లు పట్టుకుని లెక్కపెట్టేవాళ్ళూ వస్తారు. మంచిదే, ఆ లెక్క ఉండాలి. మరి నీళ్ళ కింద కొత్తగా ఎవరొచ్చారో చూసేదెవరు? కవుల్ని వదిలేద్దాం. చూడాల్సిన శాఖలు ఏటేటా చూసి జనం ముందు పెట్టే లెక్క ఏది? నా తగువు దాని గురించే.

1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. ఇన్నేళ్ళుగా ఏలూరు టీకొట్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే వాదన: ఐదో కాంటూరా, మూడో కాంటూరా? అది చిన్న విషయం అనను, ఆ గీత మీద బోలెడు కుటుంబాల కూడు ఆధారపడి ఉంది. కానీ చేపకి కాంటూరు తెలీదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్ళు కొల్లేట్లోకి దిగినప్పుడు, గట్టుకి ఇటున్న రూప్‌చంద్, అటున్న కొరమీను ఏ చట్టం ప్రకారం విడివిడిగా ఉంటాయి?

వచ్చినవాళ్ళంతా దొంగతనంగా రాలేదు. గుర్రపుడెక్క ఊదారంగు పూల అందం చూసి తెచ్చుకున్నదే. తిలాపియాని 1952లో దేశంలోకి తెచ్చింది పేదవాడికి చవకగా చేప దొరకాలనే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని నిషేధించి పాతికేళ్ళయినా, ఆ చెరువుల్ని అధికారులు ధ్వంసం చేశారన్న వార్త కైకలూరు వైపు నుంచి వస్తూనే ఉంటుంది. అది మన మార్పు చేపలాగే ఉంటుంది కాబట్టి సంతలో పోల్చుకోవడం కష్టం.

ఇక పేపర్లు దెయ్యం చేప అని పిలిచేది. ఒంటి నిండా ఎముక పలకలు, వలలు చింపేస్తుంది, గట్లకి బొరియలు చేస్తుంది, కొనేవాడుండడు. ఈ దెయ్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? దక్షిణ అమెరికా నుంచి, మన డ్రాయింగు రూముల మీదుగా. అక్వేరియంలో పాచి తింటుందని ట్యాంక్ క్లీనర్ పేరుతో అమ్ముతారు. అది అడుగు దాటి పెరిగాకో, మనం ఫ్లాట్ మారేటప్పుడో, చంపితే పాపమని తీసుకెళ్ళి కాలవలో వదులుతాం. పర్యావరణం మీద స్టేటస్‌లు పెట్టే ఇళ్ళలోనే ఈ పుణ్యకార్యం జరుగుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఉంది, అదీ మన దగ్గరే. చేప తిరిగిన నీళ్ళలో దాని జిగురు, పొలుసు, పెంట ద్వారా డీఎన్‌ఏ మిగులుతుంది. కొద్దిపాటి నీళ్ళు వడగట్టి, ఆ జాతికే సరిపోయే పీసీఆర్ పరీక్ష చేస్తే, వల వెయ్యకుండానే అది ఉందో లేదో చెప్పొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ చేప కోసమే అలాంటి పరీక్ష తయారుచేసి, తూర్పు కనుమల్లో వెతికితే దాదాపు 60 శాతం నీటివనరుల్లో జాడ కనబడింది. డబ్బుల్లేవన్న మాట నేనొప్పుకోను. భీమవరం వైపు రొయ్య పిల్ల కొనే రైతుకి పీసీఆర్ రోజువారీ మాట. 2009లో వెనామీకి అనుమతిచ్చినప్పుడు, విదేశాల నుంచి దిగిన తల్లి రొయ్యల్ని చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి, రోగాలు లేవని తేలాకే హేచరీలకి పంపే ఏర్పాటు చేశారు. రొయ్య డాలర్లు తెస్తుంది మరి. సరస్సు ఏం తెస్తుంది?

అలాగని మిషన్ ఒక్కటే చాలదు. పెంచే చేపల విషయంలో అది బోల్తా కొడుతుంది. చెరువులోంచి తోడేసిన నీళ్ళతో పాటు రూప్‌చంద్ డీఎన్‌ఏ కూడా కొల్లేట్లోకి వస్తుంది, చేప రాకపోయినా సరే. ఎన్ని చేపలున్నాయో కూడా అది సరిగ్గా చెప్పలేదు. అక్కడ వల వేసేవాడు కావాలి. ఎన్నూరు, పులికాట్‌లలో కాకా ఆళి అనే పరదేశపు ఆల్చిప్ప అడుగంతా పరుచుకుని రొయ్యల్ని వెళ్ళగొడుతోందని మొత్తుకున్నది జాలర్లే. కొల్లేట్లో ఎప్పుడూ చూడని చేప పడితే మనవాళ్ళు ఎవరికి చెప్పాలి? గట్టున పారేసి మళ్ళీ వల వేసుకుంటారు. దాంతో పాటే సమాచారమూ పోతుంది.

నేనడిగేది పెద్దదేం కాదు. పడవలు ఆగే రేవుల్లో బొమ్మలతో ఒక బోర్డు, ఒక ఫోన్ నంబరు, ఫొటో పంపినవాడికి చిరిగిన వల ఖరీదు. బుడమేరు, తమ్మిలేరు కలిసే చోట్ల ఏడాదికి రెండుసార్లు నీళ్ళ పరీక్ష, దాని ఫలితం పంచాయతీ గోడ మీద. ఉప్పుటేరు దగ్గర మాత్రం వేసవిలో తప్పకుండా చెయ్యాలి. కొల్లేట్లో నీరు తగ్గాక సముద్రపు పోటు ఆ ఏటి వెంటే పైకి ఎక్కుతుంది, ఉప్పునీళ్ళతో ఇంకేమేం ఎక్కుతున్నాయో ఆ నెలల్లోనే తెలియాలి.