కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము

జూన్ వచ్చిందంటే హోసూరు, కృష్ణగిరి సంఘాల్లో ప్రార్థన మనవులన్నీ ఒకే దారి పడతాయి: అమ్మాయికి సీటు, అబ్బాయికి ఫీజు. ప్రార్థిద్దాం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాటనూ కాస్త పట్టించుకుందాం.

మనలో కొందరు పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచారు. ఇక్కడి కౌంటర్లో దాని పేరు 'సెల్వమగళ్ సేమిప్పు'. 2015లో మొదలైన పథకం. పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి. ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టవచ్చు. వడ్డీకీ, తీసుకునే సొమ్ముకీ ఆదాయపు పన్ను లేదు. అమ్మాయి పదో తరగతి పాసైనా, 18 ఏళ్లు నిండినా, గత మార్చి ఆఖరుకు ఉన్న నిల్వలో సగం వరకు చదువుకు తీసుకోవచ్చు. 21 ఏళ్లు ఆగాలనుకుని వడ్డీవ్యాపారి గడప తొక్కేవారిని చూస్తే బాధేస్తుంది.

ఒక మెలిక ఉంది. అడ్మిషన్ పత్రమో ఫీజు చీటీయో చూపాలి, అందులో ఉన్నంతే ఇస్తారు. రసీదు లేని డొనేషన్‌కు ఈ డబ్బు రాదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ తమిళనాడులో 1992లోనే చట్టం వచ్చింది. కాబట్టి యువతీయువకులారా, రసీదు మీరే అడగండి. అది అమర్యాద కాదు.

ఇక పి.ఎఫ్. సంగతి. సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే తండ్రికి పొదుపంటే అదొక్కటే. కాంట్రాక్టరు మారాక పాత పి.ఎఫ్. తీసి పిల్లల ఫీజు కడతాడు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది. 50 వేలు, ఆపైన ఉంటే పాన్ ఇచ్చినా 10 శాతం ముందే కోస్తారు. ఏటా లక్షన్నర దాచగలిగినవాడికి పూర్తి మినహాయింపు, పని నిలకడ లేనివాడికి కోత! ఉద్యోగ భద్రత లేకపోవడం కార్మికుడి తప్పా? కాంట్రాక్టు కార్మికుల పిల్లల చదువుకు తీసే పి.ఎఫ్.కు ఐదేళ్ల షరతు ఎత్తేయమని మన ఎంపీలను, కార్మిక సంఘాలను అడగాలి.

అంతవరకు రెండు పనులు చేయవచ్చు. పాత ఖాతాను కొత్త యజమాని దగ్గరికి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా ఐదేళ్లలో కలుస్తుంది. ఇప్పటికే కోత పడి, ఏడాది ఆదాయం పన్ను పరిమితిలోపే ఉన్నవారు రిటర్ను వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. బి.కాం. చదివిన మన పిల్లలు ఆదివారం ఆరాధన తర్వాత చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే ఈ కాగితాలన్నీ గంటలో తేలిపోతాయి.