చైత్రమను పేరు చూచి మోసపోరాదు

మా పాఠశాల వెబ్‌సైటునందు పరీక్షలను, సెలవులను, పండుగలను చూపుటకు ఒక క్యాలెండరు కావలసివచ్చినది. ఫుల్‌క్యాలెండరు అను ఓపెన్ సోర్సు పరికరమును పరిశీలించితిమి. నెల, వారము, దినము చక్కగా చూపుచున్నది. దాని ప్రధానభాగము ఎం.ఐ.టి. లైసెన్సు క్రింద ఉచితము. మార్చుకొనుటకును స్వేచ్ఛ కలదు. గదులవారీ పట్టికలకు వేరు లైసెన్సు గలదు గాని, వానితో మనకు పనిలేదు.

చిక్కు ఉగాదియొద్ద వచ్చినది. బ్రౌజరులోనున్న భారతీయ క్యాలెండరును ఎంచుకొనగా చైత్రమను పేరు కనబడినది. సంతోషించితిమి, తొందరపడితిమి. అది 1957లో ప్రభుత్వము స్వీకరించిన శక క్యాలెండరు, సౌరమానము. దాని చైత్రము మార్చి 22న, లీపు సంవత్సరమున 21న మొదలగును. మన ఉగాదియో చాంద్రమానమున చైత్ర శుద్ధ పాడ్యమి. 2024లో ఏప్రిల్ 9న వచ్చినది. ఆ లెక్కలో అది చైత్రము 20! ఈ హోసూరు సీమలో పొరుగు తమిళుల చిత్తిరై ఏప్రిల్ నడుమ ఆరంభమగును. ఒక్క పేరునకు మూడు మొదళ్లు!

అయినను ఈ పరికరమునే స్వీకరింపవలెనని మా అభిప్రాయము. ఉచితమగుటచేత కాదు. ప్రతి గడిలోను తారీఖు ప్రక్కన తిథిని వ్రాసికొనుటకు ఇందు వీలున్నది. కొందరు మిత్రులు కోరు సిద్ధసేవ అందముగానే యున్నది. కాని దాని గడిని దిద్దు అధికారము మనకు లేదు. తిథుల పట్టికను పంచాంగము చూచి ఏటేట మనమే కూర్చవలెను. పదవ తరగతివారు ఈ సెలవులలోనే ఆ పనికి పూనుకొనవలయును.