పొడిమందుకు చక్కెర కాపలా

వానాకాలంలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే పల్లీపట్టీ ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. పెళుసుగా విరిగే ముక్క రెండు రోజుల్లో మెత్తబడి వేళ్ళకు అంటుకుంటుంది. ఈ వంటింటి సంగతి తెలిస్తే పొడి టీకాల మర్మం సగం తెలిసినట్టే.

కొయ్యూరు ప్రాంతంలో నేను ప్రభుత్వ వైద్యుడిగా ఉన్నప్పుడు కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోయేవాళ్ళం. నర్సీపట్నం నుంచి ఐస్ పెట్టెలో వచ్చిన టీకాలు కొండమీది గూడేనికి చేరేలోగా ఐస్ కరిగిపోతుందేమోనన్న దిగులే ఎక్కువగా ఉండేది. పొడిమందుల విలువ నాకు అక్కడే బోధపడింది.

మాంసకృత్తు ఒక ప్రత్యేకమైన రీతిలో మడతపడిన పొడవాటి గొలుసు. ఆ మడతే దాని ప్రాణం. చుట్టూ ఉన్న నీటి అణువులు దాన్ని పట్టి నిలుపుతాయి. నీరు తీసేస్తే మడత విప్పుకుని, ఒకదానికొకటి అతుక్కుని, మందు పనికిరాకుండా పోతుంది. ఆరబెట్టేముందు చక్కెర కలిపితే, వెళ్ళిపోయిన నీటి స్థానంలో అది మాంసకృత్తును పట్టుకుంటుంది. అంతేకాదు, స్ఫటికంగా మారకుండా ముదురుపాకంలా, గాజులా బిగుసుకుని లోపలి కదలికలను దాదాపు ఆపేస్తుంది. తేమ చొరబడితే ఆ గాజు పల్లీపట్టీలాగే మెత్తబడుతుంది. సీసాకు రబ్బరు బిరడా, దానిపై అల్యూమినియం మూత అందుకే.

ఏ చక్కెరైనా పనికిరాదు. గ్లూకోజు వంటివి మాంసకృత్తుతో చర్య జరిపి దాన్ని గోధుమరంగుకు మారుస్తాయి, పాలు కోవాగా మరిగేటప్పుడు రంగు తిరిగినట్టు. అందుకే సుక్రోజు, ట్రెహలోజు వంటివి ఎంచుకుంటారు. బేకరీలో వాడే ఎండు ఈస్టు ప్రాణంతో నిలిచేది తనలోని ట్రెహలోజు చలవవల్లనే. మన తట్టు-రుబెల్లా టీకాలో చక్కెర జాతికి చెందిన సార్బిటాల్, దానితోపాటు జెలటిన్ ఉంటాయి.

మశూచిని తరిమినదీ పొడి టీకాయే. అందులో వాడినది చక్కెర కాదు, పెప్టోన్. 1950లలో లెస్లీ కొలియర్ ఆ పద్ధతిని తీర్చిదిద్దారు. మన దేశంలో ఆ టీకాను తయారుచేసిన సంస్థల్లో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. ఈ సంగతి మనవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇక నా అభిప్రాయం. పాముకాటు విరుగుడు ద్రవరూపంలోనూ, పొడిగానూ వస్తుంది. ద్రవాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పొడికి అంత కట్టడి లేదు. కాబట్టి ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాలకు ఎల్లప్పుడూ పొడినే పంపాలి. ధరలో తేడాను సాకుగా చూపడం న్యాయం కాదు. అలాగని పొడి కదా అని రేకుల కప్పు కింద, ఎండ పడే కిటికీలో పెట్టడం తప్పు. లేబుల్ చెప్పినంత చల్లదనం దానికీ కావాలి.

నీరు కలిపిన క్షణాన పొడిమందుకున్న రక్షణ పోతుంది. కలిపిన తట్టు-రుబెల్లా టీకాను నాలుగు గంటలు దాటితే పారవేయాలి. అందులో సూక్ష్మజీవులు పెరిగితే పిల్లల ప్రాణాలకే ముప్పు. మీ బిడ్డకు వేయించేటప్పుడు ఎప్పుడు కలిపారని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

పాముకాటు రోగితో ఆసుపత్రికి వెళ్తే మరొకటి గుర్తుంచుకోండి. నర్సు విరుగుడు సీసాలో నీరు పోసి, అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లిస్తూ కనిపిస్తుంది. గట్టిగా కుదిపితే నురగ వచ్చి మాంసకృత్తు చెడుతుంది. సీసాలు పది దాకా ఉండవచ్చు. ఆ కాసేపూ ఆమెను కసరకండి.