మనోళ్ళని ఎప్పుడూ వింగ్‌లోనే ఎందుకు నిలబెడతారు?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా పూతలపట్టు పక్క ఫుట్‌బాల్ తక్కువే. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ తర్వాతే ఏదైనా. అయినా హాస్టల్లో ఉండే మాకు అది దగ్గరైంది, ఎందుకంటే ఒక్క బంతి ఉంటే ఇరవై మంది ఆడొచ్చు. జట్టు కట్టేటప్పుడు మాత్రం ఒక మాట ప్రతిసారీ వినబడతాది: "మీరు బాగా పరిగెత్తుతారు, పక్కన ఆడండి." యానాది పిల్లోడైనా, ఎరుకల పిల్లోడైనా, సుగాలి పిల్లోడైనా మాకు వచ్చేది వింగ్, లేదంటే బ్యాక్. మధ్యలో నిలబడి ఆట నడిపే చోటు ఇంకొకరికి. వినేదానికి మెచ్చుకోలు మాదిరే ఉంటాది. మాకు మాత్రం "కాళ్ళు మీవి, బుర్ర మాది" అన్నట్టే వినబడతాది.

ఆ మధ్య చోటు ఏందో చూద్దాం. డిఫెన్స్‌కి కాస్త ముందర, మిగతా మిడ్‌ఫీల్డర్లకి వెనక ఒకడు ఉంటాడు. ఆరో నంబర్ అంటారు. ఇటలీ వాళ్ళు ఈ చోట కూర్చుని ఆట నడిపేవాణ్ణి 'రెజిస్టా' అంటారు, వాళ్ళ భాషలో సినిమా డైరెక్టర్‌కీ అదే మాట. పూతలపట్టు తెలిసినోళ్ళకి ఇంకా సులువుగా చెప్పొచ్చు. చిత్తూరు నుంచి వచ్చే బండి తిరుపతి దారి పట్టాలా, పీలేరు దారి పట్టాలా అనేది మా దగ్గరే తేలాల. ఆరో నంబరోడు జట్టుకి ఆ జంక్షన్. గోల్‌కీపర్ దగ్గర్నుంచి, బ్యాకుల దగ్గర్నుంచి బంతి వాడి కాడికి వస్తాది. ఎడమకా కుడికా, పొడుగు పాసా చిన్న పాసా, ఆటని తొందర పెట్టాలా నిదానం చేయాలా, అన్నీ వాడే తేల్చాల. బంతి రాకముందే భుజాల మీదుగా వెనక్కి చూసుకుంటా ఉంటాడు, ఎవరు మీదకి వస్తాండారు, ఎవరు ఖాళీగా ఉండారు అని. మన బ్యాకు పైకి పోతే ఆ ఖాళీలో నిలబడేది వాడే. బంతి పోగొట్టుకుంటే ముందు అడ్డం పడేదీ వాడే. గోల్ కొట్టినోణ్ణి అందరూ ఎత్తుకుంటారు, వీడి పేరు స్కోరుబోర్డులో కూడా ఉండదు.

దీనికి వేగం ముఖ్యం కాదు అనేదానికి పిర్లోని చూస్తే చాలు. మొదట ముందర ఆడేవాడు. 2001లో బ్రెషియాలో ఆ చోట బాజ్జో ఉండినందువల్ల కోచ్ మజోనె అతన్ని వెనక్కి దించాడు. 2006 వరల్డ్ కప్ సెమీఫైనల్లో జర్మనీ మీద 119వ నిమిషంలో గ్రోసో కొట్టిన గోల్‌కి పాస్ ఇచ్చింది ఆ పిర్లోనే. చుట్టూ జర్మనీ వాళ్ళు ఉన్నా తొందరపడకుండా ఆగి, సందు దొరికినాక ఇచ్చాడు. మొన్నటి సంగతి రోడ్రి. 2024లో బాలన్ డోర్ అతనికే వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్లో మోకాలు దెబ్బతింది. వరసగా నాలుగు లీగ్ టైటిళ్ళు గెలిచిన మాంచెస్టర్ సిటీ ఆ సీజన్లో మూడో స్థానానికి దిగింది. అంతా ఆ ఒక్కడు లేకనే అని మేము అనం, కానీ పెద్ద కారణం అదే.

ఈ తెలివి పుట్టుకతో వస్తాదా? తెలుగు నేల మీదే జవాబు ఉంది. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సార్ మొదట బడి పంతులు. ఆయన కోచింగ్‌లోనే మన దేశం 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 'మైదాన్' సినిమా ఆయన మీదే తీసింది. ఆ సారు డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు. బంతి తగలగానే పాస్ ఇవ్వాల. అంటే బంతి వచ్చేలోపే ఎవరికి ఇవ్వాలో తేల్చుకోని ఉండాల. నేర్పితే వచ్చే విద్య అది. మాకు నేర్పలేదు, పరుగు పందెం మాత్రం పెట్టినారు.

ఇట్ల పక్కకి నెట్టడం మన ఒక్కరికే జరగలేదు. అమెరికా ఫుట్‌బాల్ వేరే ఆటనుకోండి, దాంట్లో జట్టుని నడిపే చోటు క్వార్టర్‌బ్యాక్. నల్లజాతి ఆటగాళ్ళు పరుగుకి బాగుంటారు, ఆ చోటుకి పనికిరారు అని చాలా ఏళ్ళు అనుకున్నారు. వారెన్ మూన్‌ని 1978లో అక్కడ ఒక్క జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. కెనడాకి పోయి ఆడి, తిరిగొచ్చి, 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

మా రూమ్‌లోనే కొందరు అంటా ఉంటారు, "వింగ్‌లో ఆడితేనే సెలెక్టర్ల కంట్లో పడతాం, స్పోర్ట్స్ కోటా సీటన్నా వస్తాది కదా" అని. ఆ మాటలో నిజం ఉంది. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, సీటు విలువ మాకు తెలుసు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ అక్క దాడి చేసే చోట ఆడే 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తీసుకుంది. ఆ అక్కని చూసి మాకెంత గర్వమో చెప్పలేం. వింగ్ ఇష్టమై ఆడేవాళ్ళు ఆడాల్సిందే. మేము అడిగేది, మా కులం పేరు విని చోటు తేల్చొద్దని. చెరువులో చేప ఏ పక్క తిరుగుతాదో ముందే కనిపెట్టి వల వేసే తాతలు మా ఇండ్లల్లో ఉండారు. బంతి ఎక్కడికి వస్తాదో కనిపెట్టడం మా పిల్లోళ్ళకి చేతకాదని ఎట్ల అంటారు?

పీఈటీ సార్లు ఈ గ్రూపులో ఉంటే ఒక మనవి. వారంలో ఒక్క రోజు డ్రిబ్లింగ్ లేకుండా రెండు టచ్‌ల ఆట ఆడించండి సార్. ప్రతి పదిహేను నిమిషాలకి ఒకరిని మధ్యలో మార్చి చూడండి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు పది నిమిషాలు బంతిని వదిలేసి ఆరో నంబరునే చూడండి, ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూస్తాడో లెక్కపెట్టి కామెంట్లో పెట్టండి. మేమూ పెడతాం.