ఆగిన ప్రయాణములు – అందని పైకము

మహమ్మారి వచ్చినపుడు ప్రయాణములాగుట తప్పదు. ప్రాణముకంటె ప్రయాణము ముఖ్యమని వాదించువాడెవడును లేడు. కాని ప్రయాణమాగినపుడు దానికై ముందుగా చెల్లించిన పైకమెవరిది? ప్రభుత్వపు టాజ్ఞ నేడొకరీతిగను రేపొకరీతిగను మారినపుడు ఆ మార్పువలని నష్టము నెవరు భరింపవలయును? 2020 మొదలు 2023 వఱకు సాగిన కోవిడ్ కాలమున ఈ రెండు ప్రశ్నలకును మన దేశమున స్థిరమైన సమాధానము లభింపలేదు. వ్యాధి శాంతించినది గనుక ప్రశ్నయు శాంతించినదని పలువురు తలంచుచున్నారు. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వబూనుట మనకు వాడుకయైపోయినది. తీరికగానున్న ఈ దినములలోనే ఆ విచారణ జరుగుట మేలు.

విశాఖపట్టణపు రేవునుండియు, దాని కెగువనున్న అరకులోయనుండియు చూచినచో ఈ విషయము విస్పష్టముగా గోచరించును. 2020 మార్చి 22వ తేదీనుండి ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. కొత్తవలస మీదుగా సొరంగములు దాటుకొనుచు అనంతగిరి కొండలనెక్కి అరకునకు బోవు కిరండూలు బండియు ఆగినది. 2017 ఏప్రిలులో ఆ బండికి తగిలించిన అద్దాలపెట్టెలో కూర్చుండి లోయయందమును చూడగోరు పట్టణవాసుల రాకయు ఆగినది. బొఱ్ఱా గుహలు మూతపడినవి. వారపు సంతలు నిలిచినవి. మన్యపు పల్లెలు పెక్కు తమంతట తామే దారులకు మ్రానులడ్డము వేసికొని పరులను రానీయలేదు. వైద్యశాల దూరమైన చోట వారెఱిగిన వైద్యమదియే.

పట్టణవాసి చేతిలో ఒక టిక్కెట్టైన మిగిలినది. దానిని చూపి పైకమడుగుటకు వానికొక ఆధారము కలదు. గుహలలో దారిచూపువాడు, జీపు తోలువాడు, వెదురుబొంగులో కోడిమాంసము వండి అమ్మునామె, ధింసా యాడు స్త్రీలు – వీరి చేతిలో ఏ కాగితమును లేదు. కావున ఈ ప్రశ్న టిక్కెట్టు కొన్నవానికి మాత్రమే సంబంధించినది కాదు.

మొదట రైలుశాఖ మాట. తానే బండిని రద్దుచేసినపుడు చార్జీ నంతయు తిరిగి యిచ్చుటకు ఆ శాఖ యొప్పుకొన్నది. ఇది మెచ్చదగిన పని. అంతర్జాలము ద్వారా టిక్కెట్టు కొన్నవారి పైకము వారి ఖాతాలకే చేరినది. కాని కౌంటరులో కాగితపు టిక్కెట్టు కొన్నవాడు మరల కౌంటరునకే రావలసియుండెను. ఇల్లు కదలరాదని శాసించిన దినములలో వాడెట్లు వచ్చును? అందుచేత గడువును మొదట 45 దినములకు, పిమ్మట ఆరు నెలలకు, 2021 జనవరిలో తొమ్మిది నెలలకు పొడిగించిరి. 2020 మార్చి 21 మొదలు జులై 31 వఱకు గల ప్రయాణములకు ఈ తుది గడువు వర్తించినది. పొడిగింపు మంచిదే. కాని అది జరిగినదని తెలియక టిక్కెట్టును పాఱవేసినవాని గతి యేమి? చదువుకొన్నవాని యింటికి పైకమే నడచివచ్చినది. చదువురానివాడు పైకముకొఱకు నడచిపోవలసివచ్చినది.

విమానసంస్థల రీతి వేఱు. 2020 ఏప్రిల్ 16న కేంద్ర విమానయానశాఖ యొక సూచన వెలువరించినది. లాక్‌డౌను మొదటి విడతలో, అనగా మార్చి 25కును ఏప్రిల్ 14కును నడుమ, టిక్కెట్టు కొన్నవారు కోరినచో మూడు వారములలో పూర్తిపైకము నీయవలెనని దాని తాత్పర్యము. అంతకుముందే కొన్నవారి మాట దానిలో లేదు. ప్రయాణము చేయువారెవరైనను టిక్కెట్టు ముందుగా కొందురు గాని, ఇల్లు కదలరాదన్న యాజ్ఞ వచ్చిన పిమ్మట కొందురా? అధికసంఖ్యాకులను విడిచి అల్పసంఖ్యాకులకు చేసిన న్యాయమిది. తక్కినవారికి సంస్థలు పైకమునకు బదులు జమచీటి చూపినవి. మరల ఎన్నడైన మా విమానమే యెక్కి తీర్చుకొమ్మన్నవి. ఉద్యోగము పోయి ఇంటి అద్దెకు వెదకుకొనుచున్నవానికి వచ్చే సంవత్సరపు విమానప్రయాణమేల?

తుదకు సుప్రీంకోర్టు కల్పించుకొనవలసివచ్చినది. 2020 అక్టోబరు 1న ఆ న్యాయస్థానము, ముందుగా కొన్నవారికిని పదునైదు దినములలో పైకము తిరిగి యిచ్చుటకు యత్నింపవలెననియు, నిజముగా ఆర్థికసంకటములో నున్న సంస్థ మాత్రమే 2021 మార్చి 31 వఱకు చెల్లు జమచీటి నీయవచ్చుననియు, దానికి 2020 జూన్ వఱకు నెలకు అరశాతము, ఆపై ముప్పాతికశాతము చొప్పున విలువ పెంచవలెననియు, అప్పటికిని వాడుకొననిచో నగదు చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. ఇది న్యాయమైన తీర్పు. కాని ఆరు నెలలు గడచినవి.

అక్కడికిని ముగియలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, నడుమ నున్న టిక్కెట్ల వ్యాపారుల వద్ద పైకము చిక్కుకొన్నది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ లెక్క ప్రకారము, యాత్రా అను సంస్థయందు 2021లో 36,276 బుకింగులకు సంబంధించిన 26 కోట్ల రూపాయలకు పైబడిన పైకము చెల్లింపవలసియుండెను. 2024 జూన్ నాటికిని 4,837 బుకింగుల క్రింద రెండున్నర కోట్లు మిగిలియేయున్నవి. ఆ ప్రయాణికులకు ఫోను చేసి తెలుపుటకై ప్రత్యేకముగా మనుష్యులను నియమింపవలెనని ప్రాధికారసంస్థ ఆజ్ఞాపించినది. నాలుగేండ్ల పిమ్మట వచ్చిన పైకమును ఏ గృహస్థుడు సంతోషముతో లెక్కించుకొనును?

ఇది అసాధ్యమైన పనియా? కాదని 2025 డిసెంబరు నిరూపించినది. పైలట్ల విశ్రాంతి నియమములకు తగినట్లు ఇండిగో సంస్థ సిబ్బందిని సిద్ధపఱచుకొననందున వేలకొలది విమానములు రద్దైనపుడు, కేంద్రప్రభుత్వము డిసెంబరు 7వ తేదీ రాత్రి 8 గంటలలోగా పైకము చెల్లింపుడని తేదీని గంటను నిర్ణయించినది. ఆ దినమునకే 610 కోట్ల రూపాయల చెల్లింపు జరిగినదని ప్రకటింపబడినది. తేదీ లేని యాజ్ఞకు ఆరు నెలలు, నాలుగేండ్లు. తేదీ గల యాజ్ఞకు కొలది దినములు. ముంజేతి కంకణమున కద్దమేల?

ఇక పరీక్షల మాట. 2020 ఫిబ్రవరిలో జపానునందలి యొకొహామా రేవున డైమండ్ ప్రిన్సెస్ అను విహారనౌకలో 3,711 మందికి 712 మంది వ్యాధిగ్రస్తులైరి. 2022 జనవరి మొదటి దినములలో ముంబయినుండి గోవాకు బోయిన కార్డీలియా నౌకలో 66 మందికి వ్యాధి యున్నట్లు పరీక్షలలో తేలి, నౌక తిరిగి ముంబయి చేరవలసివచ్చినది. కావున పరీక్ష నవసరము లేదని చెప్పుట మా యుద్దేశము కాదు. పరీక్షానియమము మారిన రీతియే మా యాక్షేపణకు గుఱి.

విదేశములనుండి వచ్చువారికి 2021 డిసెంబరు 1 మొదలు ఒక నియమము: అపాయకర దేశములనుండి వచ్చినవాడు విమానాశ్రయముననే పరీక్షింపబడి ఫలితమునకై వేచియుండవలెను. 2022 జనవరి 11 మొదలు మఱియొకటి: ఏ దేశమునుండి వచ్చినను ఏడు దినములు ఇంట ఏకాంతముగానుండి ఎనిమిదవ దినమున పరీక్ష చేయించుకొనవలెను. ఫిబ్రవరి 14 మొదలు ఏకాంతవాసము పోయినది. ఆ నవంబరులో ప్రకటనపత్రమే రద్దైనది. 2023 జనవరి 1న చైనా, జపాను మొదలైన ఆరు ప్రదేశముల వారికి పరీక్ష తిరిగి వచ్చినది. ఫిబ్రవరి 13న పోయినది. వ్యాధి రూపము మారుచుండగా నియమము మారుట సహజమే. కాని తెలుగు జిల్లాలనుండి గల్ఫు దేశములకు కూలికి బోవువాడు దీని నెట్లు తట్టుకొనును? దుబాయికి బోవువాడు 2021లో 48 గంటలలోపలి పరీక్షకు తోడు, విమానాశ్రయముననే బయలుదేరుటకు ఆరు గంటలలోపల మఱియొక శీఘ్రపరీక్ష చేయించుకొనవలసియుండెను. ఆ నడుమ ఫలితము ప్రతికూలమైనను, యంత్రము పాడైనను, ప్రకటన మారినను టిక్కెట్టు పోవును, అప్పు మిగులును.

సరిహద్దు నియమములు మన్యమునకు మఱింత కష్టము కలిగించినవి. 2021 మే మొదటి వారమున ఆంధ్రలో క్రొత్త రూపపు వైరసు పుట్టినదను వదంతి వ్యాపింపగా, ఢిల్లీ, ఒడిశా ప్రభుత్వములు ఆంధ్ర తెలంగాణములనుండి వచ్చువారికి పదునాలుగు దినముల నిర్బంధ ఏకాంతవాసము విధించినవి. ఆ రూపము అప్పటికే తగ్గుముఖము పట్టినదని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు చెప్పుచునేయున్నారు. అదే నెలలో తెలంగాణ సరిహద్దున ఆంధ్ర రోగుల అంబులెన్సులను నిలిపివేయగా, మే 14న హైకోర్టు ఆ యుత్తర్వు అమలును ఆపినది.

అరకునకు అవతలి పాడువ, నందపురము, కొరాపుట్టు సీమలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడువఱకు విశాఖపట్టణము జిల్లాలోనివే. పరజలకును, కొండదొరలకును, గదబలకును ఆ గీతకు ఇరువైపుల చుట్టములున్నారు. ఈ దరి వాడు ఆ దరి సంతకు పసుపో చింతపండో మోసికొనిపోవును. వాని ప్రయాణము విహారమునకై కాదు, ఉప్పు కొఱకు. అట్టివానికి పదునాలుగు దినముల ఏకాంతవాసమనగా పదునాలుగు దినముల కూలి. పరీక్షాపత్రమన్నచో, 2020లో మొదట ప్రైవేటు పరీక్షకు గరిష్ఠముగా నిర్ణయించిన ధర 4,500 రూపాయలు. తరువాత అది కొన్ని వందలకు దిగినది. ఐనను పరీక్ష చేయు కేంద్రము కొండ దిగినగాని లేనివానికి ధర యెంతయైన నొకటే.

దీనికి రెండు సమాధానములు చెప్పబడుచున్నవి. మహమ్మారి యెవరికిని తెలియనిదగుటచే ఆజ్ఞలు త్వరగా మారక తప్పదనునది మొదటిది. ఒప్పుకొందము. ఆజ్ఞ మారవలసినదే, కాని అది మారినందున కలుగు నష్టము, ఆ మార్పులో ఏ భాగమును లేని ప్రయాణికునిపై పడనక్కఱలేదు. పైకమంతయు ఒక్కమారు తిరిగి యిచ్చినచో సంస్థలు కూలిపోవుననునది రెండవది. మన చదువరులలో భూమిగలవారు దీనిని తేలికగా గ్రహింపగలరు. పొలము కౌలుకిచ్చెదనని బయానా గైకొన్నవాడు, ఏటివఱద వచ్చి పొలము మునిగినది గనుక బయానా యీయనని చెప్పునా? చెప్పినచో గ్రామమున నిలువగలడా? మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపమొకటి. పరుని సొమ్ము తన చేతనున్నంతమాత్రమున తనది కాదనునదియే దాని ధర్మము. చేయని సేవకు గైకొన్న పైకము నిక్షేపమే గాని ఆదాయము కాదు.

ఐతే పెద్ద సంస్థకును కొండమీది చిన్న వసతిగృహస్థునకును భేదము కలదు. వాడు గైకొన్న వేయి రూపాయల బయానా అప్పుడే బియ్యమునకును దుప్పట్లకును పోయియుండును. విమానసంస్థను నడుపు న్యాయముతోనే వానిని నడిపినచో ప్రయాణికునికి న్యాయము జరుగునేమో గాని మన్యపు టింటిలో పొయ్యి వెలుగదు. ఈ భేదమును గుర్తింపని శాసనము నిష్పక్షపాతముగా కనబడుచు పక్షపాతమే చేయును.

1897లో ప్లేగు కాలమున ఆంగ్లప్రభుత్వము చేసిన అంటువ్యాధుల చట్టము క్రిందనే 2020 మార్చిలో మన రాష్ట్రప్రభుత్వము కోవిడ్ నియమములు చేసినది. ఆ 1897లోనే పూనాలో ప్లేగు అధికారుల దౌర్జన్యముపై దేశము మండిపడినది. తిలకు మహాశయుడు రాజద్రోహనేరముపై చెఱసాలకు పంపబడెను. ఆ చట్టము అధికారిపై దావా లేకుండ రక్షణ కల్పించినది. 2020లో దానిని సవరించి వైద్యసిబ్బందికి రక్షణ చేర్చిరి, అది యుచితమే. కాని ఆ పాత చట్టములోనే వ్యయములను, పరిహారమున్నచో దానిని, ఎవరు ఏ విధమున భరింపవలెనో నిర్ణయించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదను సంగతి పలువురెఱుగరు. తాళపుచెవి చేతనుండియు తలుపు తీయలేదు.

కావున మేము కోరునది నూతనమును కాదు, దుస్సాధ్యమును కాదు. మొదటిది, సేవ జరుగనపుడు పదునైదు దినములలో పైకము వచ్చిన దారినే తిరిగి పోవలెను. జమచీటి ప్రయాణికుడు తానై కోరిననే యీయవలెను. కాగితపు టిక్కెట్టువానికి పోస్టాఫీసు ద్వారా చెల్లింపవలెను. రెండవది, నియమము మారునపుడు అది ఏ గంటనుండి అమలగునో ముందుగా ప్రకటింపవలెను. అప్పటికే దారిలోనున్నవానికి పాత నియమమే వర్తింపవలెను. ప్రకటన తెలుగులోను, మన్యపు సంతలలో కువి, ఆదివాసి ఒడియా భాషలలోను చాటింపబడవలెను. మూడవది, సరిహద్దున పరీక్ష కోరు ప్రభుత్వము ఆ సరిహద్దుననే ఉచితముగా పరీక్ష చేయవలెను. ఇరుగుపొరుగు సంతలకు బోవు కొండవారి విషయమై ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వములు ముందే యొక యొడంబడికకు రావలెను. నాలుగవది, బొఱ్ఱా గుహలు మొదలైన చోట్ల ప్రవేశపు టిక్కెట్టునుండి కొలదిపాటి మొత్తము తీసి నిధిగా నుంచి, ప్రయాణములాగిన కాలమున మన్యపు చిన్న వృత్తులవారికిని వసతిగృహస్థులకును దానినుండి సాయము చేయవలెను.

విశాఖలో 2023 సెప్టెంబరున విహారనౌకల కేంద్రము ప్రారంభింపబడినది. నౌకలు వచ్చుగాక, వానినుండి దిగినవారు అరకు కొండల నెక్కుదురుగాక. మేమును సంతోషింతుము. కాని 2022 జూన్‌లో విశాఖనుండి బయలుదేరిన కార్డీలియా నౌకకు పుదుచ్చేరి ప్రభుత్వము రేవు ననుమతింపలేదు. అప్పుడు కారణము వ్యాధి కాదు. ఐనను టిక్కెట్టు కొన్నవానికి ఆ రేవు దక్కలేదు. ఆజ్ఞ ఏ కారణమున మారినను ప్రయాణికుని ప్రశ్న మారదు. రాష్ట్ర శాసనసభయు, పార్లమెంటునందలి మన ప్రతినిధులును ఈ ప్రశ్నను మఱియొక మహమ్మారి వచ్చి మరల వేయువఱకు వేచియుండక, ఇప్పుడే చేతికెత్తుకొందురు గాక!