గోధుమకు ఒక్క తడే ఉంటే 21వ రోజునే ఇద్దాం

ఆదిలాబాద్, సంగారెడ్డి వైపు నల్లరేగళ్లలో గోధుమ వేస్తున్న అన్నలారా, అక్కలారా!

యాసంగిలో అయిదారు తడులు ఇవ్వగలిగినవాళ్లకు ఈ కరపత్రంతో పనిలేదు. చెరువులో ఒకటి రెండు తడులకే నీళ్లున్నవాళ్లతోనే మా మాట. తూము తీసేది పంటను చూసి కాదు, నలుగురికీ వీలైన రోజు చూసి. ముందు విత్తినవాడికి ఆలస్యంగా, వెనక విత్తినవాడికి తొందరగా నీళ్లు పారుతున్నాయి. చెరువు ఖాళీ అవుతోంది, గింజ మాత్రం నిండటం లేదు.

నీటి ఎద్దడి వస్తే గోధుమ మొక్క చేతులు ముడుచుకు కూర్చోదు. నేల ఆరుతుండగానే దానిలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి, పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు మిగులుతుంది గానీ బొగ్గుపులుసు వాయువు లోపలికి రాక ఆహారం తయారీ తగ్గుతుంది. కణాల్లో ప్రోలిన్ పేరుకుని ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది. ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. మధ్యాహ్నం చుట్టుకున్న ఆకు సాయంత్రానికి విచ్చుకుంటే మొక్క ఇంకా తట్టుకుంటోందన్నమాట. తెల్లారినా విచ్చుకోలేదంటే చేయి దాటుతున్నట్టే. అప్పుడిక పిలకలను వదిలేసుకుంటుంది, కాండంలో దాచుకున్న చక్కెరలను కంకికి పంపి ఉన్న గింజలనైనా నింపాలని చూస్తుంది.

ఇన్ని ఉపాయాలున్నా రెండు దశల్లో దానికి ఓపిక ఉండదు. విత్తిన 20-25 రోజులకు మొదలు దగ్గర, నేల పైపొరలోనే కొత్త వేర్లు పుడతాయి. ఒక మొక్కను పీకి చూడండి: గింజ నుంచి దిగిన సన్నటి వేర్లకు పైన, తెల్లగా, కాస్త లావుగా కనిపిస్తాయి. పైమట్టి పొడిగా ఉంటే అవి దిగవు, పిలకలు సరిగా రావు. ఆ లోటు తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా పూర్తిగా పూడదు. పైకి చేను పచ్చగానే ఉంటుంది, మనం మోసపోయేది అక్కడే. రెండోది పొట్ట నుంచి పూత దాకా. అప్పుడు ఎండితే పుప్పొడి చెడి గింజే కట్టదు.

కాబట్టి ఈసారి చెరువు నీళ్ల పంపకానికి కూర్చునే తైబందీ రోజునే తేల్చుకుందాం. ఒక తూము కింద గోధుమ వేసేవాళ్లమంతా నవంబరులో ఒకే వారంలో విత్తుదాం. ఆలస్యం చేస్తే గింజ నిండే వేళకు ఎండలు మీద పడతాయి. 2022 మార్చి ఎండలకు ఉత్తరాదిలో గింజ ముడుచుకుపోయింది, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులనే ఆపేసింది.

మొదటి తడి 21వ రోజున, రెండోది పూతకు. ఒక్కదానికే నీళ్లుంటే మొదటిదే. వ్యవసాయ విస్తరణాధికారిని తైబందీకి పిలవండి, తూము తీసే తేదీలు ఆయన ఎదుటే రాయించుకోండి.