కాగు పగలగొట్టకండి, పెద్దల ఎముకలున్నాయి!

వీరాంపట్టినం తేరుకు వచ్చిన అమ్మలారా, అయ్యలారా, యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

సెంగళునీర్ అమ్మన్ తేరు లాగారు, మొక్కు తీర్చుకున్నారు. బస్సెక్కే ముందు ఒక్క మాట.

ఈ ఊరిని ఆనుకునే అరికమేడు అనే పురాతన స్థలం ఉంది. 1945లో పురావస్తు శాస్త్రజ్ఞుడు వీలర్ అక్కడ తవ్వించాడు. రోము వర్తకం ఆనవాళ్లు బయటపడ్డాయి, లోకమంతా దాని గురించే చెప్పుకుంది. ఈ నేల మీద బతికి చనిపోయినవాళ్లను ఎక్కడ పూడ్చారని అడిగినవాళ్లు తక్కువ. ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు కజాల్ పుదుచ్చేరి చుట్టుపక్కల ముత్తిరపాళయంలో, సుత్తుకేణిలో పాతకాలపు సమాధులు తవ్వి చూశాడు. పెద్ద పెద్ద మట్టికాగులు. లోపల ఎముకలు, తోడుగా నలుపూ ఎరుపూ కలిసిన గిన్నెలు, ఇనప పనిముట్లు. పోయినవాళ్లకు పరలోకంలో లోటు రాకూడదని ఎవరో ప్రేమగా సర్ది పెట్టినవి!

ఇవాళ పునాది తవ్వుతుంటే అలాంటి కాగు కనిపిస్తే మనం ఏం చేస్తున్నాం? లంకెబిందె అనుకుని గునపంతో పొడుస్తున్నాం. బంగారం లేదని తేలాక ఎముకలతో సహా మట్టిలారీకి ఎత్తేస్తున్నాం. ఇది తప్పు.

పెద్దల సమాధులకు ముప్పు ఇక్కడే కాదు. మన మన్యంలో కోయలు నేటికీ పోయిన పెద్దల పేరున రాళ్లు పాతుతారు. పోలవరం ముంపులో వాళ్ల ఊళ్లతో పాటు ఆ రాళ్లూ, శ్మశానాలూ నీటిపాలవుతున్నాయి. ఇంటికి బదులు ఇల్లు కట్టివ్వచ్చు, తాత సమాధికి బదులు ఏమిస్తారు? ఇక్కడికొస్తే, పుదుచ్చేరిలో ఇరుళర్లను షెడ్యూల్డు తెగగా గుర్తించిందే 2016లో. వాళ్లు తమవాళ్లను పూడ్చుకునే జాగా రెవెన్యూ రికార్డుల్లో ఉందో లేదో మీ ఊళ్లో కనుక్కోండి. లేకపోతే వాళ్లతో కలిసి అర్జీ పెట్టండి.

తవ్వకంలో కాగు గానీ, పూసలు గానీ బయటపడితే పని ఆపి కలెక్టరు ఆఫీసుకు తెలపండి. దొరికిన నిక్షేపం గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం కూడా చెబుతోంది. పురావస్తు శాఖ రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కట్టకూడదు. ఎవరైనా కడుతుంటే ఊరుకోకండి. అరికమేడు చూడబోతే పెంకు ముక్క కూడా జేబులో వేసుకోకండి.

ఈ కాగితం చదివి పారేయకండి. మీ వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రికి ఇవ్వండి.

ఇట్లు,
మీ తోటి తెలుగువారు